నీలిరంగు చేసిన పని

గాజెంగి లక్ష్మీనర్సయ్య కూతురు ఆర్తిని ముంబై దగ్గరి భివండీలోని నాగావ్ తెలుగువాళ్లు కొంతకాలం "మందు కనిపెట్టిన పిల్ల" అని పిలిచారు. మొదట్లో ఆ మాట వింటే ఆమె తల వంచుకుని లోలోపల మురిసిపోయేది. తరవాత తరవాత ఆ మాట అనేవాళ్లు ఎదురైతే సందు మార్చి నడిచేది. ఎందుకలా అయిందో చెప్పాలంటే ఆమె మేనత్త దుర్గవ్వ సంగతి ముందు చెప్పాలి.

లక్ష్మీనర్సయ్య సిరిసిల్ల దగ్గరి పల్లెనుంచి పడుచువయసులో వచ్చి, ఒకరి మగ్గాల మీద కూలికి నేసి, నేసి, ఆఖరికి తనవంటూ కొన్ని మరమగ్గాలు పెట్టుకున్నాడు. కింద మగ్గాలు, పైన కాపురం. ఆ ఇంట్లో పుట్టిన పిల్లలకు గట్టిగా అరిచి మాట్లాడటం మాటలతోపాటే వస్తుంది. తల్లి కనకవ్వ పొద్దంతా కింద కండెలు చుట్టేది. అందుచేత ఆర్తిని పెంచింది చాలావరకు దుర్గవ్వే. ఆమె లక్ష్మీనర్సయ్య చెల్లెలు. భర్త పోయాక కొడుకు రూపేష్‌ను వెంటబెట్టుకుని అన్న ఉన్న చోటికే వచ్చి, అదే నాగావ్‌లో వేరే సందులో గది తీసుకుంది. ఆర్తికి జడలు వేసిందీ, మరాఠీ బడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిందీ ఆమే. ఒకసారి లెక్కల టీచర్ పిల్లను ఎండలో నిలబెట్టిందని తెలిసి, మరాఠీ ముక్క రాకపోయినా వెళ్లి, అచ్చ తెలుగులో పోట్లాడి వచ్చింది. టీచర్‌కు ఏం అర్థమైందో ఏమో, మళ్లీ ఆ పిల్ల జోలికి రాలేదు.

ఆర్తి ఎమ్మెస్సీ పూర్తిచేసి ఠాణేలోని ఒక కాలేజీ ప్రయోగశాలలో సహాయకురాలిగా చేరింది. ఆ ఏడే దుర్గవ్వకు రొమ్ములో గడ్డ బయటపడింది. ముంబైలో పెద్దాసుపత్రికి తిరిగారు, ఆపరేషన్ చేశారు, తరవాత కీమో సూదులు మొదలుపెట్టారు. సూది వేయించుకుని వచ్చినప్పుడల్లా ఆమె రోజుల తరబడి గోడవైపు తిరిగి పడుకునేది. నోరంతా పుండ్లు. పచ్చి మంచినీళ్లు కూడా ఇనుము తాగినట్టు ఉన్నాయనేది. జుట్టు పోయింది.

"గీ మందేందే కోడలా, రోగాన్ని సంపుతున్నదా, నన్ను సంపుతున్నదా?" అని అడిగేది ఆర్తిని.

ఆర్తికి జవాబు తెలియక కాదు. చెప్పబుద్ధి కాక ఊరుకునేది.

ప్రయోగశాలను నడిపే సబ్నిస్ మేడమ్ పని ఏమిటంటే, గాజుపళ్లేల్లో కాన్సర్ కణాలను పెంచి, రకరకాల ఆకుల సారం వాటిమీద వేసి ఏమవుతుందో చూడటం. ఆ ఆకుల్లో తంగేడును చేర్చమని అడిగింది ఆర్తే. బతుకమ్మ పండక్కి సిరిసిల్లనుంచి బస్సులో తంగేడు పూలు వస్తాయి, పూలతోపాటు ఆకూ వస్తుంది. మేడమ్ సరేనంది.

బతికి ఉన్న కణం సూక్ష్మదర్శినిలో ఇంచుమించు నీళ్లలో నీటిబొట్టులా ఉంటుంది. ఎక్కడ మొదలైందో, లోపల ఏముందో సరిగా కనిపించదు. అందుకని దానికి ఒక వెలిగే రంగు పట్టిస్తారు. ఆర్తి వాడిన రంగు కణం పొర దాటి లోపలికి పోయి, నడిమధ్యన ఉన్న డీఎన్‌ఏను అంటిపెట్టుకునేది. ఊదారంగు వెలుతురు పడగానే ఆ నడిమిభాగం నీలంగా వెలిగేది. చీకటి గదిలో తెరమీద అవి కనిపించినప్పుడు, ఇంత అందం ఈ రోగానికెలా వచ్చిందా అనుకునేది ఆర్తి. ఆ రంగు బతికున్న కణాలకు వాడవచ్చని సీసాతో వచ్చిన కాగితంలో ఉంది. వాడవచ్చు అంటే హాని చేయదని ఆమె అర్థం చేసుకుంది. ఎంత వేయాలి, దానిమీద ఎంత వెలుతురు పడనివ్వాలి అన్నది వేరే సంగతి అని ఆమెకు తట్టలేదు.

"రెండో పళ్లెం కూడా పెట్టు," అని మేడమ్ చెప్పింది. "ఆకు సారం వేయకు. రంగు మాత్రం వెయ్యి. దీనికెన్ని ఫొటోలు తీస్తావో దానికీ అన్నే తియ్యి. అప్పుడుగానీ చచ్చేవి దేనివల్ల చచ్చాయో తెలియదు."

ఆ సూక్ష్మదర్శినిని వాడుకునేవాళ్లు చాలామంది. వంతు దొరకడమే కష్టం. ఆర్తి ఆకు సారం వేసిన పళ్లేన్ని పగలంతా వెలుతురు కింద పెట్టి, వెంటవెంటనే ఫొటోలు తీసింది. రెండో పళ్లేన్ని మాత్రం మొదట ఒకసారి, చివర ఒకసారి తీసి, మధ్యలో చీకట్లో పెట్టేసింది. మొదటి పళ్లెంలో సాయంత్రానికల్లా నీలం మచ్చలు ముడుచుకుపోయి, ముక్కలైపోయాయి. రెండో పళ్లెంలో అన్నీ నిండుగా ఉన్నాయి. ఆర్తి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"రెండు పళ్లేలూ ఒక్కలాగే చేశావా?" అని మేడమ్ అడిగితే, "చేశాను మేడమ్" అంది. అబద్ధమాడుతున్నానని ఆ క్షణంలో ఆమె అనుకోలేదు. రెండు పళ్లేలూ చేసింది కదా అనుకుంది.

"బాగుంది. కానీ మళ్లీ చేసి చూసేదాకా బయట ఎవరికీ చెప్పొద్దు," అంది మేడమ్.

ఆ సాయంత్రమే ఆర్తి దుర్గవ్వ మంచం అంచున కూర్చుని ఫోన్‌లో ఆ ఫొటోలు ఒకదాని వెంట ఒకటి చూపించింది. ముడుచుకుంటున్న నీలం మచ్చలను చూసి దుర్గవ్వ దిండు ఎత్తుగా పెట్టించుకుని లేచి కూర్చుంది.

"గివి నా అసొంటి కాన్సర్‌యేనా?"

"అసొంటియే అత్తా."

"ఏం పోసినవ్ వీటికి?"

"తంగేడాకు రసం."

"మన తంగేడా?" దుర్గవ్వ ముఖంలో నవ్వు చాలారోజుల తరవాత కనిపించింది. ఆ నవ్వు చూశాక, ఇది పళ్లెంలో మాట, ఒంట్లో మాట కాదు అని చెప్పాలని ఆర్తికి అనిపించలేదు. రేపు చెప్పవచ్చనుకుంది.

రేపటికల్లా లక్ష్మీనర్సయ్యకు తెలిసింది. ఆయన నుంచి కులసంఘానికి పాకింది. ఒక ఆదివారం సంఘం హాల్లో ఆర్తికి శాలువా కప్పారు. జీవితంలో ఎప్పుడూ మైకు పట్టుకోని లక్ష్మీనర్సయ్య ఆనాడు పట్టుకున్నాడు.

"మేము బట్ట నేసినం. నా బిడ్డ కాన్సర్‌కు మందు కనిపెట్టింది," అన్నాడు. అని, ఇంకేం చెప్పలేక కళ్లు తుడుచుకున్నాడు.

హాలంతా చప్పట్లు. సంఘం పెద్ద బుచ్చిరాములు మైకు ఆర్తికిచ్చి, "రెండు మాటలు చెప్పు బిడ్డా" అన్నాడు. మా బాపు అన్నది నిజం కాదు, మందు కాదు, ఇంకా ఏమీ కాదు అని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. ఆర్తికి అది తెలుసు. ముందువరసలో తలకు కొంగు చుట్టుకుని కూర్చున్న దుర్గవ్వ అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొడుతోంది. "తంగేడాకు రసంతోటి కాన్సర్ కణాలు సచ్చిపోయినయి," అని మాత్రం చెప్పి ఆర్తి మైకు ఇచ్చేసింది.

కొన్నాళ్లకు ఆ పనిని ఒక పత్రికకు రాసి పంపాలని మేడమ్ కూర్చుంది. ఫొటోలన్నీ తెరమీద పెట్టుకుంటే రెండో పళ్లేనికి మధ్యలో ఫొటోలే లేవు. ఆమె ఆర్తిని పిలిచింది. "ఇది మళ్లీ చెయ్యి, ఈసారి నా ముందు," అంది.

ఈసారి మూడు పళ్లేలు పెట్టారు. రంగూ వెలుతురూ మాత్రమే ఉన్నది ఒకటి. ఆకు సారం మాత్రమే వేసి, రంగు లేకుండా చీకట్లో పెట్టినది ఒకటి. రెండూ కలిపినది ఒకటి. సాయంత్రం చివర్లో ఒక్కసారి రంగు వేసి చూస్తే, ఆకు సారం తాగి చీకట్లో ఉన్న కణాలు నిండుగా, హాయిగా ఉన్నాయి. ఆకు ఎరగని పళ్లెంలో, రంగు పట్టి వెలుతురు పడ్డవి, మునుపటిలాగే ముడుచుకుని ముక్కలైపోయాయి; రెండూ కలిపిన పళ్లెంలోనూ అంతే. వాటిని చంపింది తంగేడు కాదు. డీఎన్‌ఏను పట్టుకుని ఉన్న రంగు, దానిమీద పగలంతా కురిసిన ఊదా వెలుతురు. కణాలు ఎలా ఉన్నాయో చూడటానికని ఆర్తి చేసిన పనే వాటిని చంపింది.

మేడమ్ కేకలేస్తే బాగుండునని ఆర్తికి అనిపించింది. మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఇలాంటిది నాకూ జరిగింది, చిన్నప్పుడు. రంగుని తేలిగ్గా నమ్మేస్తాం. పోనీలే, పత్రికకు పంపకముందే తెలిసింది. బయట ఎవరికీ చెప్పలేదు కదా?" అంది.

"లేదు మేడమ్."

ఇది రెండో అబద్ధం. దీన్ని మాత్రం అబద్ధమని తెలిసే చెప్పింది.

ఇంటికి వెళ్లి చెప్పాలనుకుంది. గోడ గూట్లో ఆ శాలువా మడతపెట్టి, దానిపక్కన సంఘం ఇచ్చిన జ్ఞాపిక పెట్టి ఉంది. కింద మగ్గాల దగ్గర తండ్రి ఎవరితోనో తన సంగతే చెబుతున్నాడు. ఆ పూట చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. దుర్గవ్వ ఇంటికి వెళ్లడం మానేసింది. కళ్లలోకి చూసి మాట్లాడాల్సి వస్తుందని భయం. అడిగితే పని ఎక్కువగా ఉందనేది.

ఒక పొద్దున ధామన్‌కర్ నాకా దగ్గర ఆటోకోసం నిలబడితే ఒక టెంపో వచ్చి ఆగింది. నడుపుతున్నది దుర్గవ్వ కొడుకు రూపేష్. అంజూర్ ఫాటా గోదాముల మధ్య సరుకు తోలుతాడు. ఆర్తికంటే పెద్దవాడు, పిల్లల తండ్రి, వరసకు బావ.

"కనబడుడే లేదు, డాక్టర్ మేడం!" అన్నాడు నవ్వుతూ. "అమ్మ రోజూ యాది చేస్తది నిన్ను."

"అత్త ఎట్లున్నది బావా?"

"ఎక్‌దమ్ మస్తున్నది. అన్నం తింటున్నది, ఎంటికలు గూడ వస్తున్నయి. ఊరి బస్సుల తంగేడాకు దెప్పిస్తున్న. పొద్దుమాపు కషాయం తాగుతది."

"సూదులకు ఎవరు తీస్కపోతున్నరు? నువ్వేనా?"

"ఏ సూదులు?" రూపేష్‌కు నిజంగానే అర్థం కాలేదు. "నీ ఫంక్షన్ అయినంక ఒక్కసారి గూడ పోలే. నీ మందున్నంక గా జహర్, గా విషం ఎందుకు? నీకు ఎరికే అనుకున్న."

వెనక బస్సు హారన్ కొడుతుంటే అతను చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. ఆటోవాడు "మేడమ్, కిధర్?" అని అడిగితే ఠాణే అనబోయి, నాగావ్ అంది.

దుర్గవ్వ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తలమీద పసిపిల్లకు వచ్చినట్టు పలచగా వెంట్రుకలు. ఒళ్లు కాస్త నిండింది. పొయ్యిమీద గిన్నెలో తంగేడాకు మరుగుతోంది.

"రా కోడలా! గిన్ని దినాలకు అత్త యాదికొచ్చిందా?"

ఆర్తి ఆమె పక్కన కూలబడింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "అత్తా, నేను తప్పు జేసిన," అంది. తరవాత ఆగకుండా మొత్తం చెప్పింది. రెండో పళ్లెం సరిగా చేయలేదని, మళ్లీ చేస్తే ఆకుతో ఏమీ కాలేదని, కణాలు చచ్చింది రంగుతోనని.

దుర్గవ్వ చింతపండు పక్కన పెట్టింది. "రంగా? గా నీలిరంగు ఎందుకేసినవ్ మరి?"

"కండ్లకు కనబడనీకి అత్తా. రంగు లేకుంటే కనబడయి."

"అంటే సూడనీకి వేసిన రంగుతోటే సచ్చినయా?"

"అవును."

"గట్లయితే నాకు గా రంగే ఎక్కియ్యరాదు?"

వెక్కిరించడానికి అన్న మాట కాదది. ఆశతో అడిగింది. ఆర్తికి ఏడుపు తన్నుకొచ్చింది. "అది మంచి కణాన్ని గూడ సంపుతది అత్తా. దానికి తన పర తెల్వది. అది మందు గాదు."

దుర్గవ్వ పొయ్యివైపు తిరిగింది. తరవాత మెల్లగా అంది: "గా సూదులు తప్పిచ్చినవని రోజూ పొద్దుగాల నీ పేరు దల్సుకుని దండం బెట్టుకున్న బిడ్డా."

తిట్టినా, కొట్టినా ఆర్తి ఓర్చుకునేది. ఆ మాటకు తట్టుకోలేకపోయింది. నేలచూపులు చూస్తూ, "రేపు ఆస్పత్రికి పోదాం అత్తా," అంది.

"నేను రాను. మంచిగున్న గదా."

"మంచిగున్నవు, ఎందుకంటే సూదులు ఆపినం. రోగం పోయి గాదు."

రూపేష్ వచ్చాక ఇల్లు దద్దరిల్లింది. పొయ్యిమీది గిన్నె తీసి బయట విసిరేశాడు. "చప్పట్లు కొట్టిచ్చుకున్నప్పుడు తెల్వదా?" అని అరిచాడు. ఆర్తి తెలుసనే చెప్పింది. పళ్లెంలో జరిగింది ఒంట్లో జరగాలని లేదన్న సంగతి ఆనాడు కూడా తెలుసని. దాంతో అతను అరవడం మానేశాడు. ఆ తరవాత చాలాకాలం ఆమెతో మాట్లాడనే లేదు. కానీ ఆ మర్నాడు తల్లిని బతిమాలి, బెదిరించి, టెంపోలో కూర్చోబెట్టింది అతనే.

ఆసుపత్రిలో డాక్టరు పాత కాగితాలు తిరగేసి, చంకలో చెయ్యి పెట్టి చూసి, ముఖం గంటు పెట్టుకున్నాడు. "మధ్యలో ఆపమని ఎవరు చెప్పారు?" అని హిందీలో అడిగాడు.

"ఎవ్వలు చెప్పలే," అంది దుర్గవ్వ వచ్చీరాని హిందీలో. "నేనే రాలే. ముసల్దాన్ని, బుద్ధి లేదు."

ఆర్తి ఒక అడుగు ముందుకు వేసింది. "నా వల్ల ఆపింది సార్. ఆకు రసంతో కాన్సర్ కణాలు చచ్చాయని నేను చెప్పాను. అది తప్పు. నేను ప్రయోగశాలలో పనిచేస్తాను."

డాక్టరు ఆమె మెడలోని కాలేజీ కార్డు చూశాడు, ముఖం చూశాడు. "చదువు లేనివాళ్లు చెబితే వీళ్లు సగమే నమ్ముతారు," అన్నాడు. స్కానింగ్‌కు రాసిచ్చాడు. చంకలో కొత్త గడ్డలు తేలాయి. మందు మార్చారు. పాతదానికంటే గట్టిది.

ప్రయోగశాలకు వెళ్లి ఆర్తి మేడమ్‌కు తన రెండో అబద్ధం సంగతి చెప్పింది. మేడమ్ ముఖం పాలిపోయింది. "ముందు మీవాళ్లందరికీ చెప్పు. తరవాత ఇక్కడికి రా," అంది.

లక్ష్మీనర్సయ్య వద్దన్నాడు. "మనింట్ల మనం జెప్పుకున్నం, సాలు. సంఘంల జెప్పి నా ఇజ్జత్ ఎందుకు దీస్తవ్?"

"బాపూ, ఇంకెవరన్న తాగుతున్నరేమో."

ఆయన కిందికి మగ్గాల దగ్గరికి దిగిపోయాడు. సంఘం సమావేశానికి రానూ లేదు. ఆర్తి తల్లితో వెళ్లింది. కనకవ్వ హాల్లో కూతురి వెనకే నిలబడింది. ఆర్తి చెప్పడం మొదలుపెట్టగానే వెనకవరసలో గుసగుసలు. ఒకాయన, "మరి శాలువా వాపస్ ఇస్తవా?" అన్నాడు. కొందరు నవ్వారు. బుచ్చిరాములు వాళ్లను కసిరి, "చెప్పనియ్యిండి," అన్నాడు. ఆమె చెప్పింది. అందరికీ అర్థమయ్యేలా చెప్పింది కూడా. కానీ చప్పట్ల నాడు నిండిన ఆ హాలు ఇవాళ సగమే నిండి ఉంది. రానివాళ్ల ఇళ్లకు ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి గుమ్మంలో నిలబడి చెప్పుకోవాల్సి వచ్చింది.

అలా తిరుగుతున్నప్పుడే తెలిసింది, దుర్గవ్వ కషాయం కాచి మరో ముసలమ్మకు కూడా పంపేదని. బుచ్చమ్మ ఆమె పేరు, గొంతులో కాన్సర్. అదృష్టం బాగుండి ఆమె ఆసుపత్రి మందు ఆపలేదు. రెండూ తాగింది. ఆర్తి చెప్పిందంతా విని, "చేదుగున్నదంటే మంచి మందే అనుకున్న," అని నవ్వి, చాయ్ ఇచ్చింది. ఆర్తి ఆ చాయ్ గ్లాసు కడిగిపెట్టి పక్క గుమ్మానికి నడిచింది.

కాలేజీలో ఆమె పని పోలేదు. మేడమ్ మాత్రం ఆకుల పని ఆమెకు మళ్లీ ఇవ్వలేదు. ఇప్పుడు ఆమె చేసేది రంగుల పని. ఏ రంగు ఎంత వేస్తే, ఎంత వెలుతురు పడితే కణం బతికి ఉంటుందో, ఎక్కడ దాటితే చస్తుందో చూడటం. రోజంతా ఏ ఆకూ లేని, ఏ మందూ లేని పళ్లేలు. కొత్తగా చేరే పిల్లలు రంగు సీసా పట్టుకుని "ఇది సేఫేనా?" అని అడిగితే ఆమె వెంటనే అవుననదు. ఎంత వేస్తున్నావు, ఎంతసేపు చూస్తావు అని ఎదురడుగుతుంది. చేతికి తొడుగు లేకపోతే సీసా లాక్కుంటుంది. ఆ రంగు మనిషి కణాన్నయినా అంతే పట్టుకుంటుంది కదా.

దుర్గవ్వ బతికే ఉంది. బాగుందని చెప్పలేం. చెయ్యి వాచి, పైకి లేవదు. సూది ఉన్న రోజున ఆర్తి సెలవు పెట్టి వెంట వెళుతుంది. దారిలో అత్తాకోడళ్లు అన్నీ మాట్లాడుకుంటారు, కూరల సంగతి, రూపేష్ పిల్లల సంగతి. రోగం సంగతి మాత్రం దుర్గవ్వ ఆర్తిని అడగదు. ఏ సందేహం వచ్చినా డాక్టరునే, లేదంటే నర్సమ్మనే అడుగుతుంది. ఆర్తి పక్కనే ఉండి, జవాబు తెలిసి కూడా, వాళ్లు చెప్పేదాకా ఊరుకుంటుంది.

మొన్న వేచి ఉండే హాల్లో పక్కన కూర్చున్న షోలాపూర్ తెలుగామె ఆర్తిని చూపించి, "బిడ్డనా? ఏం జేస్తది?" అని అడిగింది.

"మా అన్న బిడ్డ," అంది దుర్గవ్వ. "సైన్స్ చదివింది. లాబ్‌ల పని."

"గట్లయితే మందులు జేస్తదా?"

"లేదు," అంది దుర్గవ్వ. "మందులు చెయ్యది. మంచి పిల్ల."

ఆర్తి లేచి, నీళ్లు తెస్తానని చెప్పి, నిండుగా ఉన్న సీసా పట్టుకుని కుళాయి వైపు నడిచింది.